ఎర్రయ్య పథ్యం

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఎర్రయ్య ముప్పయ్యేడేళ్ళు నిలబడ్డాడు. పని చేశాడనడం కంటే నిలబడ్డాడనడమే సరైన మాట. చక్రాల షాపులో పని అంతా నిలబడి చేసేదే. కింద సిమెంటు నేల, కాళ్ళకి ఇనప ముక్కున్న బూట్లు, ఎదురుగా తిరిగే బండిచక్రం. పొద్దున్న సైరన్ కూస్తే వెళ్ళి నిలబడడం, సాయంత్రం సైరన్ కూస్తే ఇంటికి రావడం. ఇన్నేళ్ళలో కాళ్ళు నొప్పని ఒక్కరోజు కూడా సిక్కు సెలవు పెట్టలేదని రిటైరయ్యాక కనపడ్డవాడికల్లా చెప్పుకునేవాడు. తన కాళ్ళు గట్టివని అతని నమ్మకం. ఆ గట్టితనం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎప్పుడూ ఆరా తియ్యలేదు.

అది ఇంట్లోంచి వచ్చింది. సాయంత్రం అతను సైకిలుకి స్టాండు వేసే చప్పుడు వినపడేసరికి అరుగు మీద బేసినులో వేడినీళ్ళు, నీళ్ళలో గుప్పెడు రాళ్ళుప్పు సిద్ధంగా ఉండేవి. భార్య నూకాలమ్మ కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పేది. చెమటకి అంటుకుపోయిన మేజోళ్ళు లాగేది. పాదాలు రెండూ నీళ్ళలో పెట్టి, మడమ దగ్గర్నుంచి చీలమండ దాకా బొటనవేలితో నొక్కేది. ఎర్రయ్య టీ తాగుతూ ఫోర్‌మన్‌ని తిట్టుకునేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా ఇదే వరస. ఆ ఇన్నేళ్ళలో 'నీ కాళ్ళెలాగున్నాయే' అన్న మాట అతని నోట ఒక్కసారి రాలేదు. డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు తను. ఇంట్లో ఉండే మనిషికి కాళ్ళనొప్పి ఏమిటి? అంత చెడ్డవాడేం కాదు ఎర్రయ్య. అతనికి తోచలేదు, అంతే. చెడ్డవాడైనా కొంత నయమేమో, చేసింది తెలిసి చేసేవాడు.

అయితే ఏడాదిలో కొన్నాళ్ళు నూకాలమ్మ కాళ్ళకి కూడా విలువ వచ్చేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చైత్రం వచ్చీ రాగానే మాతపూజ చేస్తారు. వీధికొక పందిరి వేసి, అమ్మవారి ఘటాన్ని నిలిపి, రోజూ సాయంత్రం దాన్ని ఇంటింటికీ తిప్పుతారు. ఘటం ఎత్తుకున్న మనిషి చెప్పుల్లేకుండా నడవాలి. పగలంతా ఎండకి కాగిన తారురోడ్డు, కంకర సందులు, అన్నిట్లోనూ అలాగే నడవాలి. ప్రతి గుమ్మం ముందూ ఆగితే ఆ ఇంటివాళ్ళు పసుపునీళ్ళు, వేపాకులు కలిపిన చెంబు తెచ్చి ఆమె పాదాల మీద పోసి దణ్ణం పెడతారు. నిమ్‌పురా వైపు ఎర్రయ్య వాళ్ళ సందులో ఆ ఘటం అతని తల్లి జోగమ్మ ఎత్తేది. ఆమె పోయాక ఇరవయ్యెనిమిదేళ్ళుగా నూకాలమ్మే ఎత్తుతోంది.

నూకాలమ్మకి చదువు లేదు. ఒక్కర్తీ స్టేషనుకి వెళ్ళి టిక్కెట్టు కొనుక్కోలేదు. ఉన్న ఒక్క కూతురు పెళ్ళయి టాటానగర్ వెళ్ళాక మాట్లాడుకోడానికి ఇంట్లో పొయ్యి, గిన్నెలే. కానీ ఆ వారం రోజులు సందులో పెద్దవాళ్ళు, ఆఫీసర్ల భార్యలు, ఆమెతో కుళాయి దగ్గర దెబ్బలాడినవాళ్ళు కూడా ఆమె కాళ్ళ దగ్గర వంగేవారు. ఆ వారం కోసం ఏడాదంతా ఆమె బతికేదంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

రిటైరైన రెండేళ్ళకి ఎర్రయ్య గట్టి కాళ్ళు మోసం చేశాయి. దసరా వెళ్ళిన నాలుగు రోజులకి తెల్లవారగట్ల ఎడమకాలి బొటనవేలి మొదట నిప్పు పెట్టినట్టయి లేచాడు. మర్నాటికి చీలమండ కూడా వాచి ఎర్రబడింది. దుప్పటి తగిలినా కేక వేసేవాడు. మడమ నేల మీద మోపలేక మంచం దగ్గర్నుంచి గుమ్మానికి గోడ పట్టుకుని పావుగంట నడిచాడు. రైల్వే ఆస్పత్రిలో మాత్రలిచ్చారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. అప్పుడు రిటైర్డు గార్డు సుందర్ రాజు, చర్చి నుంచి వస్తూ పలకరించడానికి ఆగి, మలంచాలో ఒక సూదుల డాక్టరమ్మ ఉందని చెప్పాడు.

"నాకూ ఇలగే మడమ. మెట్లు దిగడానికి మా ఆవిడ భుజం పట్టుకునీవాణ్ణి. పది వారాలు ఏయించుకున్నాను," అని సుందర్ రాజు తన కాలు ఎత్తి గుండ్రంగా తిప్పి చూపించాడు. "మన పిల్లే. మీనాకుమారని, లోకో కాలనీలో పెరిగింది. కలకత్తాలో నేర్చుకుంది."

ఎర్రయ్య, నూకాలమ్మ గురువారం టోటో ఎక్కి మలంచా వెళ్ళారు. బ్యాటరీతో నడిచే ఆ చిన్న బండిలో ఎదురెదురుగా కూర్చుంటే దారిలో గుంతలన్నీ ఎర్రయ్య చీలమండకి లెక్కగా తెలిశాయి. డాక్టరమ్మ గది మందుల షాపు మీద ఉంది. మెట్లు ఇరుకు, ఎత్తు. ఎర్రయ్య కమ్మీ పట్టుకుని, మెట్టుకొక మూలుగు మూలుగుతూ ఎక్కాడు. నూకాలమ్మ కింద షాపు ముందున్న బెంచీ మీద కూర్చుండిపోయింది.

"నువ్వూ రావే."

"నానెందుకు మావా. ఇక్కడ గాలేస్తంది. కూకుంతాను."

నూకాలమ్మ అతనికి మేనమామ కూతురు, చిన్నప్పటినుంచీ మావా అనే పిలుపు. ఎర్రయ్య ఆమె మాట నమ్మాడు. పక్కనే పూలమ్మే బెంగాలీ ఆవిడ ఉంది కదా, కబుర్లు చెప్పుకోవాలని ఉంటుందనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి గురువారమూ అలాగే అనుకున్నాడు.

పైన మీనాకుమారి రక్తం కాగితాలు చూసింది. యూరిక్ యాసిడ్ ఎక్కువైందనీ, అది కీళ్ళలో గడ్డకట్టినట్టు చేరి ఈ వాపు తెస్తోందనీ విడమరిచి చెప్పింది. సూదులు వేసింది. చీలమండకి లోపల ఒకటి, బయట ఒకటి, మోకాలి కింద రెండు, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒకటి. ఇనుముతో ముప్పయ్యేడేళ్ళు కాపరం చేసిన మనిషి వెంట్రుకంత సూదికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నొప్పి లేదు. ఏదో బరువుగా, కాలు నిద్రపోయినట్టుగా ఉంది. ఇరవై నిమిషాలు అలా పడుకోబెట్టి, తీసేటప్పుడు ఆమె అంది, "సూది సగం పనే బాబాయ్. మిగతా సగం మీ కంచంలో ఉంది. వంట పిన్నే చేస్తాది గదా, కింద ఉందన్నారు. పైకి తీసుకురండి, చెప్తాను."

"దానికేటి తెలుస్తాదమ్మా. నాకు రాసియ్యి. నాను సెప్తాను."

డాక్టరమ్మ తెలుగులో రాసిచ్చింది. ఇంటికి వెళ్ళాక ఎర్రయ్య కళ్ళజోడు పెట్టుకుని, షాపులో చార్జ్‌మన్ పని పంచినట్టు గట్టిగా చదివాడు. ఎండుచేపలు కూడదు, ఎండురొయ్యలు కూడదు, కార్జం కూడదు, పప్పు రోజూ కూడదు. ఆనపకాయ, దోసకాయ, బార్లీనీళ్ళు, నిమ్మకాయ, నీళ్ళు బాగా తాగాలి. నూకాలమ్మ గుమ్మానికి ఆనుకుని విన్నది. ఒకసారి వింటే చాలు ఆమెకి, రాసుకోవలసిన పని లేదు. చివర ఒక్క ప్రశ్న అడిగింది.

"మరి డబ్బాడు ఎండు నెత్తళ్ళున్నాయి. మా తమ్ముడు దసరాకి భావనపాడు నించి మోసుకొచ్చినాడు. ఎండురొయ్యలు ఇంకో డబ్బా. ఇయన్నీ ఏటి సేస్తాం?"

"నువ్వు తినెయ్," అన్నాడు ఎర్రయ్య, కాగితం మడత పెడుతూ.

రెండు మాటలు. పొద్దున్న టీ అడిగినంత తేలిగ్గా అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు ఆ రెండు మాటల్నీ వెనక్కి పిలుచుకుందామనుకున్నాడో లెక్కలేదు.

ఆ ఇంట్లో పారెయ్యడం అన్నది లేదు. రేషన్‌లో వచ్చిన నూకల దగ్గర్నుంచి చిరిగిన లుంగీ దాకా అన్నీ దేనికో ఒకదానికి పనికొచ్చేవి. సముద్రం ఒడ్డు నుంచి తమ్ముడు రెండు రైళ్ళు మారి తెచ్చిన నెత్తళ్ళు చెత్తబుట్టలో వెయ్యమంటే నూకాలమ్మ చెయ్యి ఆడదు. అందుకని అతనికి ఆనపకాయ వండి, ముందు వడ్డించి, అతను తిని లేచాక వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని తనకి నెత్తళ్ళు వేయించుకునేది. తలుపు ఎందుకంటే, వాసన వస్తే మావకి నోరూరుతుంది, పథ్యం చెడుతుంది. ఎర్రయ్యకి వాసన వచ్చేది. తన మనసు ఎంత గట్టిదో అని తనని తాను మెచ్చుకునేవాడు. పప్పు కూడా అంతే. అతను వద్దన్న గిన్నె ఆమె వంతు. ఆదివారం అలవాటుగా మాంసం కొట్టువాడు వేసే కార్జం ముక్క ఆమె వంతు. అతని పథ్యం కాగితం మీద కూడదన్నవన్నీ వరసగా ఆమె కంచంలోకి చేరాయి.

అతనికి తగ్గింది. ఆరో వారానికి వాపు దిగింది, ఎనిమిదో వారానికి చెప్పులు పట్టాయి, పదో వారానికి మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ వదిలేశాడు. సంక్రాంతి వెళ్ళాక పొద్దున్నే లేచి ప్రేమ్ బజార్ దాకా నడిచి, అక్కడ కాలేజీ కుర్రాళ్ళ మధ్య నిలబడి చక్కెర లేని టీ తాగి, మళ్ళీ నడిచి వచ్చేవాడు. ఇక సందులో ఎవరికి కాలు బెణికినా ఎర్రయ్య ముందుండేవాడు. ఏ సూది ఎక్కడ పడుతుందో, ఏ కూరలో ఏముందో అడగకపోయినా చెప్పేవాడు. వినీ వినీ జనం అతన్ని చూస్తే పక్క సందులోకి తిరిగేవాళ్ళు.

అంత తెలిసినవాడికి ఇంట్లో కొన్ని తెలియలేదు. నూకాలమ్మ పీట మీద కూర్చుని కూరలు తరగడం మానేసింది, గట్టుకి ఆనుకుని నిలబడి తరిగేది. కుళాయి దగ్గరికి పెద్ద బిందె పోయి చిన్న బిందె వచ్చింది. కుడి చీలమండకి పాత చీర పేలిక చుట్టుకుని పైన చీర కుచ్చెళ్ళు దించి కట్టేది. పొద్దున్న లేచిన గంటసేపు గోడ వెంట నడిచేది. అన్నీ అతని కళ్ళ ముందే. ఒకరోజు ఆ నడక చూసి, "ఊరికే కూకుంటే కాళ్ళు పట్టేస్తాయి. నాలాగ నడవాల," అని ఉపదేశం కూడా చేశాడు. ఆమె "అలగే" అంది.

ఇంకోరోజు, టోటోలో మలంచా నుంచి వస్తుంటే ఆమె అడిగింది, "ఆ సూదులు నొప్పెడతాయా మావా?"

"నాకేటి నొప్పి. సీమ కుట్టినంత."

కాసేపటికి మళ్ళీ అడిగింది. "ఆడోళ్ళకీ ఏస్తాదా?"

"ఏస్తాది. ఎందుకే?"

"ఊరికే."

ఎర్రయ్య రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మాట వెనకాల ఏముందో ఒక్క ప్రశ్న అడిగుంటే తెలిసేది. అడగడానికి గోల్‌బజార్ దాటేంత తీరిక ఉంది. అడగలేదు.

ఫాల్గుణం చివర్న పందిరికి రాట వేసే రోజున సందులో మగవాళ్ళంతా చేరారు. పెద్దమనిషి తవిటయ్య, ఒకప్పుడు యార్డులో పాయింట్స్‌మన్, కాగితం మీద పనులు పంచుతున్నాడు. డప్పులు ఎవరు మాట్లాడాలి, దీపాలు ఎవరు చూడాలి, అన్నీ అయ్యాక, "మరి ఘటం?" అన్నాడు. అడగడం ఆనవాయితీ, జవాబు అందరికీ తెలుసు.

"ఇంకెవులు, మా నూకాలే," అన్నాడు ఎర్రయ్య. "ఈసారి నా కాళ్ళు కూడా బాగయినాయి. ఎనకాల నానూ నడుస్తాను." అందరూ నవ్వారు. తవిటయ్య రాసుకున్నాడు.

ఇంటికొచ్చి నూకాలమ్మకి చెప్పాడు. "నన్నో మాట అడగాల్సింది మావా," అంది.

"అడగడానికేటుంది. ఏటా ఎత్తీదానివే గదా."

"ఏటా ఎత్తీదాన్నే," అంది ఆమె. గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

చెప్పొచ్చు కదా అని వినేవాళ్ళకి అనిపిస్తుంది. నూకాలమ్మ చెప్పదు. కాలు నొప్పని చెబితే ఘటం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మూడేళ్ళుగా ఆ భయంతోనే పేలిక చుట్టుకుంటోంది. కిందటేడు ఘటం దించాక రెండు రోజులు మంచం దిగలేదు, జ్వరమని చెప్పింది. ఈ ఏడాది కూడా ఎలాగో ఆ వారం గడిచిపోతే చాలనుకుంది. అమ్మవారు చూసుకుంటుందనే ఆమె ధైర్యం. అదీ కాక ఎవరైనా అడిగితే కదా చెప్పడం.

ఘటం లేవడానికి పదకొండు రోజుల ముందు ఎర్రయ్య చివరి గురువారం వెళ్ళాడు. ఇక రావక్కర్లేదంది మీనాకుమారి. అతను పట్టుకెళ్ళిన అరటిపళ్ళ అత్తం తీసుకుని, "పిన్నికి థాంక్స్ చెప్పాలి బాబాయ్. ఇన్నాళ్ళ పథ్యం ఆమె చేసిందే," అని తనే అతనితోపాటు కిందికి దిగింది.

నూకాలమ్మ బెంచీ మీద కుడికాలు చాపుకుని కూర్చుంది. ఉక్కకి తాళలేక చీలమండ పేలిక విప్పి పక్కన పెట్టుకుంది. వీళ్ళు దిగుతున్న చప్పుడు విని చీర దించుకోబోయింది గానీ అందలేదు. చీలమండ ఎముక కనపడకుండా వాచి, నిగనిగలాడుతూ ఎర్రగా ఉంది. మడమ వెనక గోళీకాయంత గట్టి బుడిపె. మీనాకుమారి అరటిపళ్ళు షాపు గట్టు మీద పెట్టేసి నేల మీద కూర్చుంది. పాదం మీద వేలితో నొక్కింది. వేలు తీశాక ఆ గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళనించి పిన్నీ?"

"మూడేళ్ళుంతాదమ్మా."

"ఇన్ని గురువారాలు వచ్చేరు గదా. పైకెందుకు రాలేదు?"

నూకాలమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. "ఆ మెట్లు ఎక్కనేక."

ఎర్రయ్య మెట్ల మీదే ఉండిపోయాడు. కమ్మీ పట్టుకోకుండా దిగుతున్నానని ఒక నిమిషం ముందు దాకా సంతోషపడుతున్న మెట్లవి.

"తిండేటి తింటున్నారు?" అంది మీనాకుమారి.

"నాకు వేరే వంటేటమ్మా. ఈయన ఒగ్గేసినవే," అని నూకాలమ్మ అప్పజెప్పింది. నెత్తళ్ళు, ఎండురొయ్యలు, కార్జం, రోజూ పప్పు. కాగితంలో ఉన్న వరసలోనే చెప్పింది, ఒక్కటి తప్పకుండా. డాక్టరమ్మ ఎర్రయ్య వైపు చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్టినా బాగుండేది.

రక్తం పరీక్షలో అంకె ఎర్రయ్యకి ఎప్పుడూ రానంత వచ్చింది. మూత్రపిండాల మీద కూడా భారం పడిందని రైల్వే ఆస్పత్రిలో పెద్ద డాక్టరు చెప్పాడు. ఎక్స్‌రేలో చీలమండ కీలు ఒకవైపు అరిగి, కొరికినట్టుగా ఉంది. మీనాకుమారి దాచకుండా చెప్పింది. "ఇదంతా మీ నెత్తళ్ళే చేసేయని అనను బాబాయ్. జబ్బు మూడేళ్ళది. ఈ ఐదారు నెలల తిండి దాన్ని ఎగదోసింది. సూదులేస్తాను, నొప్పి తగ్గుతాది. ఆస్పత్రి మందులు మాత్రం మానకూడదు. అరిగిన కీలు నాను తిరిగి తేలేను. మొదట్లోనే చూసుంటే వేరు." ఆగి, తనూ ఆ ఊళ్ళో పుట్టినదే కాబట్టి, అడగకుండానే ఇంకో మాట కలిపింది. "ఘటం వద్దు పిన్నీ. ఈ ఏడే కాదు. ఒట్టికాళ్ళతో తారురోడ్డు మీద నడక ఇంక వద్దు."

నూకాలమ్మ తల ఊపింది. ఏడవలేదు. ఎర్రయ్యకి ఏడవమని చెప్పాలనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎర్రయ్య పొయ్యి వెలిగించాడు. పాత బేసిను అటక మీద నుంచి దించి కడిగాడు. నీళ్ళు కాచి, గుప్పెడు రాళ్ళుప్పు వేసి, తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తన కాళ్ళకి ఆమె అన్నేళ్ళు చేసిన పని, తను ఒక్కసారైనా చెయ్యాలనిపించింది. నూకాలమ్మ ఆ బేసిను వైపు చూసింది. "ఏడినీళ్ళు కూడదంది గదా మావా డాక్టరమ్మ. వాపు ఎర్రగున్నన్నాళ్ళూ సన్నీళ్ళేనంది," అంది, అతను నొచ్చుకుంటాడేమోనన్నట్టు మెల్లగా. ఎర్రయ్య బేసిను తీసుకెళ్ళి పెరట్లో పారబోశాడు. ఆ ఇంట్లో ఏదైనా పారబోయడం అదే మొదలేమో.

తర్వాత డబ్బాలు రెండూ తీసి చూశాడు. ఎండురొయ్యల డబ్బా ఖాళీ. నెత్తళ్ళ డబ్బాలో అడుగున రెండు గుప్పిళ్ళుంటాయి. ఆమె ఎంత శ్రద్ధగా తిన్నదో అప్పుడు అర్థమైంది. తినాలని ఉండి తినలేదు, తను చెప్పాడని తిన్నది. పప్పు దండగ కాకూడదని, తమ్ముడి కష్టం మట్టిపాలు కాకూడదని, తన పథ్యం సాగాలని తిన్నది. డబ్బా పట్టుకుని పెరటి వైపు రెండడుగులు వేస్తే లోపలినుంచి ఆమె గొంతు వినపడింది. "పారీకు మావా. ఎదురింటి రాధారాణికి ఇచ్చీ. ఆళ్ళింట్లో తింతారు."

రాధారాణి పేరు ఆమె నోటి నుంచి రెండోసారి తవిటయ్య ముందు వచ్చింది. ఎర్రయ్య వెళ్ళి చెప్పలేకపోతే, సంగతి తెలిసి తవిటయ్యే ఇంటికొచ్చాడు. "మరి ఘటం ఎవులికిద్దాం సెల్లీ?" అని ఈసారి నూకాలమ్మనే అడిగాడు. ఎదురింటి రాధారాణికి ఇమ్మంది. దాని కాళ్ళు గట్టివి, పిల్ల మంచిది, నడక తెలుసు అంది. తల మీద చుట్టకుదురు ఎలా పెట్టుకోవాలో, గుమ్మం దగ్గర ఎంతసేపు ఆగాలో పిలిపించుకుని మూడు రోజులు నేర్పింది. మంచం మీద కూర్చుని చేతులతో చూపించేది. ఎర్రయ్య వంటింట్లో ఆనపకాయ తరుగుతూ వినేవాడు. ఇప్పుడు ఇద్దరికీ ఒకటే వంట.

ఘటం లేచిన రోజు సాయంత్రం డప్పుల చప్పుడు సందు మొదట్లోకి వచ్చేసరికి నూకాలమ్మ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. పసుపురంగు చీర కట్టుకుంది, ఏటా ఘటానికి కట్టేదే. ఇత్తడి చెంబులో పసుపునీళ్ళు, వేపాకులు తనే కలిపింది. దీపం వెలిగే ఘటం తల మీద పెట్టుకుని రాధారాణి గుమ్మం ముందు ఆగింది. నూకాలమ్మ చేతులెత్తి మొక్కింది. చెంబు ఎర్రయ్యకి అందించింది.

"నువ్వు పొయ్యి మావా. నాను వంగలేను."

మామూలుగా ఆడవాళ్ళు పోస్తారు. జనం చూస్తున్నారు. ఎర్రయ్య వంగాడు. మోకాలు వంగింది, చీలమండ వంగింది, ఎక్కడా నొప్పి లేదు. రాధారాణి పాదాల మీద నీళ్ళు పోశాడు. దుమ్ము, కాలిన తారు మరకలు, చిటికెన వేలి పక్కన అప్పుడే లేస్తున్న బొబ్బ. ఘటం ఎత్తిన మనిషి పాదాలు అంత దగ్గరగా చూడడం అతనికి అదే మొదలు. ఇరవయ్యెనిమిదేళ్ళు ఇదే గుమ్మానికి ఇలాంటి పాదాలే వచ్చి ఆగాయి. అతను డ్యూటీలో ఉండేవాడు, లేకపోతే వెనకాల మగవాళ్ళతో నిలబడి దూరం నుంచి చేతులు జోడించేవాడు.

ఘటం కదిలి పక్క గుమ్మానికి వెళ్ళింది, జనం వెంట వెళ్ళారు. చెంబులో ఇంకా సగం నీళ్ళున్నాయి. ఎర్రయ్య లేవలేదు. అలాగే కుర్చీ వైపు తిరిగి, నూకాలమ్మ పాదాల దగ్గరికి చెంబు వంచబోయాడు.

ఆమె చప్పున రెండు కాళ్ళూ కుర్చీ కిందికి లాక్కుంది. నొప్పికి ముఖం ముడుచుకుపోయింది. చీర అంచు పాదాల మీదికి దించి కప్పేసింది.

"నాకేటికి మావా," అంది. "నాను ఘటమెత్తనేదు గదా."

డప్పులు మలుపు తిరిగాయి. ఎర్రయ్య చేతిలో చెంబు అలాగే ఉంది.